నవ్విన వాళ్ల మీద తీసిన సినిమా

ఒక చిన్నపిల్ల సినిమా వేషం కోసం పరీక్షకు వెళ్లింది. చెప్పమన్నది సరిగా చెప్పలేకపోయింది, ఏడ్చింది. చూస్తున్న పెద్దవాళ్లు పగలబడి నవ్వారు. లుకీనో విస్కోంతి 1951లో తీసిన ఇటాలియన్ చిత్రం ‘బెల్లిస్సిమా’లో జరిగేది నికరంగా ఇంతే. ఇలాంటి కథ చేతికొస్తే చాలామంది రెండు దారుల్లో ఏదో ఒకటి పడతారు. ఆ పిల్ల పట్టుపట్టి నేర్చుకుని చివరికి చప్పట్లు కొట్టించుకుంటుంది. లేదంటే పాపం, కల చెదిరిపోయిందని మన చేత కళ్లు తుడిపిస్తారు. విస్కోంతి ఈ రెండూ చెయ్యలేదు. ఆయన సినిమాలో పరీక్ష ఇచ్చింది పిల్లే గానీ, తప్పింది మాత్రం పరీక్ష పెట్టినవాళ్లు. ఈ తిరకాసును ఆయన పాత్రల చేత ఉపన్యాసాలు ఇప్పించి సాధించలేదు. కెమెరా ఎవరి పక్కన ఉండాలి, ఎవరి గొంతు ఎప్పుడు లేవాలి, ఎవరిది ఎప్పుడు ఆగాలి అన్న లెక్కతో సాధించాడు. ఆ లెక్క ఎంత నేర్పుగా వేశాడో చూడదగ్గది.

ముందు మనిషి గురించి నాలుగు మాటలు. విస్కోంతి 1906లో మిలాన్‌లో పేరుమోసిన ప్రభువుల కుటుంబంలో పుట్టాడు. నాటకాలూ ఒపేరాలూ ఆ ఇంటి గాలిలోనే ఉండేవి. సినిమాల్లోకి వచ్చాక మాత్రం ఆయన చూపు దిగువకు తిరిగింది. 1948లో వచ్చిన ‘లా తెర్రా త్రేమా’ కోసం సిసిలీలోని ఆచి త్రెజ్జా అనే ఊరికి వెళ్లి, అక్కడి జాలర్ల చేతనే, వాళ్ల యాసలోనే నటింపజేశాడు. ‘బెల్లిస్సిమా’ ఆయన మూడో పూర్తి నిడివి చిత్రం. మూలకథ చెజారె జవత్తీనిది. ‘బైసికిల్ థీవ్స్’ రచయితగా మన ప్రేక్షకులకూ తెలిసిన మనిషి. విస్కోంతితో కలిసి స్క్రీన్‌ప్లే రాసినవాళ్లు సూసో చెక్కి దామీకో, ఫ్రాంచెస్కో రోజీ. సహాయ దర్శకులుగా రోజీతో పాటు ఫ్రాంకో జెఫిరెల్లీ పనిచేశాడు. ఆ ఇద్దరూ తర్వాతి కాలంలో పెద్ద దర్శకులయ్యారు. తల్లి పాత్ర వేసిన ఆన్నా మాన్యానిని విస్కోంతి తన మొదటి సినిమాలోనే పెట్టుకోవాలనుకున్నాడు. అప్పుడామె గర్భవతి కావడంతో కుదరలేదు. ఎనిమిదేళ్ల తర్వాత దొరికిన అవకాశాన్ని ఆయన వృథా చేసుకోలేదు.

కథలోకి వద్దాం. రోమ్‌లో ఒక సినిమా కంపెనీ తన కొత్త చిత్రానికి ఆరేళ్లకూ ఎనిమిదేళ్లకూ మధ్య వయసున్న పాప కావాలని రేడియోలో ప్రకటిస్తుంది. దర్శకుడు అలెస్సాంద్రో బ్లాసెత్తి. ఇది కల్పించిన పేరు కాదు. ‘ఫబియోలా’ వంటి భారీ చిత్రాలు తీసిన అసలు బ్లాసెత్తే తెరమీద తన వేషం తానే వేశాడు. 1937లో తెరిచిన చినెచిత్తా స్టూడియో ముందు తల్లులు, పిల్లలు కుప్పలు తెప్పలుగా దిగుతారు. యుద్ధం ముగిశాక కొన్నాళ్లు ఇల్లూ వాకిలీ పోయినవాళ్లు తలదాచుకున్న చోటు అది. 1951 నాటికి ‘కువో వాదిస్’ లాంటి హాలీవుడ్ ఆర్భాటాలు అక్కడే తయారవుతున్నాయి. అలాంటి గేటు ముందుకు మద్దలేనా చెక్కోని అనే ఇల్లాలు తన కూతురు మరియాను లాక్కొస్తుంది. మద్దలేనా ఇళ్లిళ్లూ తిరిగి ఇంజెక్షన్లు పొడిచి నాలుగు డబ్బులు సంపాదిస్తుంది. భర్త స్పార్తాకో కష్టజీవి. అద్దెకొంపలోంచి బయటపడి సొంత ఇల్లు కట్టుకోవాలన్నది అతని ఆశ. ఆ ఇంటికని దాచిన డబ్బు పిల్ల ఫొటోలకూ, డ్యాన్సు క్లాసుకూ, డైలాగుల టీచరుకూ, కొత్త గౌనుకూ కరిగిపోతుంది. పైగా స్టూడియోలో చిన్న ఉద్యోగి అన్నొవాత్సి, పైవాళ్లను మంచి చేసుకోవాలంటూ యాభై వేల లీరాలు గుంజి, ఆ డబ్బుతో తనకో లాంబ్రెట్టా కొనుక్కుంటాడు. ఒకప్పుడు మన వీధుల్లోనూ బుర్రుమంటూ తిరిగిన స్కూటరే అది.

ఈ సినిమాలో మొదట గమనించాల్సింది గోల. తెర మీద ఎప్పుడూ ఎవరో ఒకరు అరుస్తూనే ఉంటారు. స్టూడియోలో తల్లులు ఒకర్నొకరు తోసుకుంటారు. వాటాల ఇంట్లో మెట్ల మీద ఆడవాళ్లు పై అంతస్తు నుంచి కింది అంతస్తుకు కబుర్లు విసురుకుంటారు. ముగ్గురు మాట్లాడే చోట ముప్ఫైమంది గుమిగూడతారు. నిశ్శబ్దంగా ఉండేది ఒక్క మరియా మాత్రమే. తీనా అపిచెల్లా అనే చిన్నారి వేసిన ఈ పాత్రకు సంభాషణలు చాలా తక్కువ. ఉన్న కాసిన్నీ కొంచెం నత్తిగా వస్తాయి. సినిమా మొదట్లోనే తల్లి చెయ్యి వదిలించుకుని వెళ్లి, స్టూడియో ఆవరణలో నీళ్ల దగ్గర తన మానాన తాను ఆడుకుంటూ దొరుకుతుంది. లోపల పరీక్షకు వేళవుతోంది, బయట తల్లి గొంతు చించుకుంటోంది, పాప నీళ్లతో ఆడుకుంటోంది. ఈ పిల్లకు వేషం అక్కర్లేదని మనకు ఒక్క మాటా చెప్పకుండానే తెలిసిపోయింది. తర్వాత గంటకు పైగా జరిగేదంతా అక్కర్లేని పిల్లను అక్కర ఉన్నదానిలా తయారుచెయ్యడమే.

ఆ తయారీ దృశ్యాలను విస్కోంతి వరసగా పేర్చిన తీరు ముచ్చటైనది. ఒక్కొక్కటీ విడిగా చూస్తే హాస్యం. ఫొటోగ్రాఫర్ పిల్ల తలను ఇటూ అటూ తిప్పుతాడు. రంగస్థలం నుంచి ఎప్పుడో దిగిపోయిన ముసలి నటి నటన నేర్పుతానంటూ ఇంట్లోకి చొరబడి తన పాతరోజుల వైభవం చెప్పుకుంటుంది. డ్యాన్సు బడిలో కాళ్లు ఎత్తడం అలవాటైన పిల్లల పక్కన మరియా బిక్కమొహం వేసుకుని నిలబడుతుంది. మంగలి దుకాణంలో యజమాని లేని వేళ పనివాడు, వాడూ కుర్రాడే, కత్తెర పట్టుకుని ఆమె జుట్టు అడ్డదిడ్డంగా కత్తిరించి పారేస్తాడు. వీటన్నిటినీ ఒక్క చూపులో కలిపి చూస్తే నవ్వు సన్నగిల్లుతుంది. ప్రతి చోటా ఎవరో ఒక పెద్దమనిషి పిల్ల ఒంటి మీద చెయ్యి వేసి ఏదో ఒకటి మార్చేస్తున్నాడు. జుట్టు, నడక, మాట, బట్ట. మార్చిన ప్రతిసారీ డబ్బు అడుగుతున్నాడు. దర్శకుడు దీన్ని వేలెత్తి చూపలేదు. ప్రతి దృశ్యాన్నీ హుషారుగానే నడిపి, లెక్క కట్టే పని మనకు వదిలేశాడు.

పిల్లకు నటన రాదు. తల్లికి పుట్టుకతో వచ్చు. ఈ తేడా సినిమాకు వెన్నెముక. భర్త కోపంతో పిల్లను తీసుకుపోతానన్నప్పుడు మద్దలేనా పెట్టే శోకాలకు వాటాలో ఆడవాళ్లందరూ ఇంట్లోకి దూసుకొస్తారు. ఆ ఏడుపులో నిజమెంతో, ఇరుగుపొరుగు కోసం ఆడిన భాగమెంతో ఆమెకే తెలియదు. అద్దం ముందు జుట్టు దువ్వుకుంటూ, అసలు నటించడమంటే ఏమిటి, నేను ఇంకొకరిని అనుకుంటే అదే నటన కదా అని తనలో తాను మాట్లాడుకునే చోట మాన్యాని చేసింది చూడాలి. మాట అద్దంతో మొదలై, తన ముఖం దగ్గర ఆగి, చటుక్కున ఇంటిపని ధ్యాసలో పడిపోతుంది. కోరిక ఎవరిదో మనకు అర్థమైన క్షణం అది. తాను ఎక్కలేని మెట్టు కూతురి చేత ఎక్కించాలన్న ఆశ. దాన్ని ఆమె ఎక్కడా ఒప్పుకోదు, మాన్యాని ముఖం మాత్రం ఒప్పేసుకుంటుంది. మాన్యాని 1908లో పుట్టింది. రోమ్ వీధుల యాస ఆమె నాలుక మీద సహజంగా ఆడుతుంది. విస్కోంతి ఆమెకు కొంత వదులిచ్చి, అప్పటికప్పుడు పుట్టే మాటలకూ చేష్టలకూ చోటిచ్చాడు. అందుకే చాలాచోట్ల షాట్లు పొడుగ్గా ఉంటాయి. ముక్కలుగా కోస్తే ఆ ధార తెగిపోతుందని ఆయనకు తెలుసు. నాటకరంగంలో ఆరితేరిన దర్శకుడు ఒక మహానటికి ఇవ్వగల మర్యాద అది.

సినిమా మొత్తం ఏ దృశ్యం కోసం నడిచిందో ఆ దృశ్యానికి వద్దాం. స్క్రీన్ టెస్ట్ అయిపోయింది. పిల్ల ఎలా చేసిందో తల్లికి తెలియాలి. ఎవరూ చెప్పరు. ఎడిటింగ్ గదిలో పనిచేసే ఐరిస్ అనే అమ్మాయిని మద్దలేనా బతిమాలుకుంటుంది. ఐరిస్‌ను ఎక్కడో చూసినట్టుందని గుర్తుపడుతుంది కూడా. అవును, ఒకటి రెండు సినిమాల్లో వేశాను, తర్వాత ఎవరూ పిలవలేదు, ఇక్కడ ఫిల్ము అతికిస్తున్నాను అంటుంది ఐరిస్. ఈ పాత్ర వేసిన లిలియానా మంచీని 1948లో రెనాతో కస్తెల్లాని తీసిన ‘సోత్తొ ఇల్ సోలె ది రోమా’లో నిజంగానే కథానాయిక. ఆ సినిమాలో ఆమె పాత్ర పేరూ ఐరిసే. వీధిలోంచి ఏరి తెచ్చిన ముఖాలతో నిజమైన జీవితాన్ని తెరకెక్కిస్తున్నామని ఇటలీ సినిమా గర్వపడుతున్న రోజులవి. ఆ ముఖాలు సినిమా పూర్తయ్యాక ఏమయ్యాయన్న ప్రశ్నను విస్కోంతి రెండు నిమిషాల సంభాషణలో, గొంతు పెంచకుండా పెట్టేశాడు. ‘బైసికిల్ థీవ్స్’లో తండ్రి వేషం వేసిన కార్మికుడు లాంబెర్తో మజ్జొరాని ఆ తర్వాత ఫ్యాక్టరీ ఉద్యోగం పోగొట్టుకుని, వేషాలూ సరిగా దొరక్క ఇబ్బందిపడ్డ సంగతి అప్పటి ఇటలీలో తెలియనిది కాదు. జాలర్లతో సినిమా తీసిన విస్కోంతికీ ఆ ప్రశ్న తగులుతుంది. ఐరిస్ దృశ్యం కీలకమైన చోట, పరాభవానికి సరిగ్గా ముందు వచ్చేట్టు పేర్చడంలో ఒక ఉద్దేశముంది. పిల్ల గెలిచినా ఓడినా గమ్యం ఎక్కడో మనకు ముందే చూపించేశాడు.

ఐరిస్ దయతో మద్దలేనా పిల్లను తీసుకుని ప్రొజెక్టర్ గదిలోకి చేరుతుంది. గోడలో చిన్న కిటికీ. దాని అవతల చీకటి హాలు, తెర, కుర్చీల్లో బ్లాసెత్తి, అతని మనుషులు. తెర మీద మరియా. ఎదురుగా కేకు, దాని మీద వెలిగించిన కొవ్వొత్తులు. ఊదితే ఆరవు. పాఠం చెప్పమంటే నోట మాట రాదు. ఏడుపు మొదలవుతుంది. హాల్లో ఒకరు నవ్వుతారు, ఇంకొకరు అందుకుంటారు. పిల్ల మరుగుజ్జేమో అని ఎవరో చమత్కరిస్తారు. నవ్వు పెద్దదవుతుంది.

ఇక్కడ విస్కోంతి చేతిలో ఎన్ని దారులున్నాయో ఆలోచించండి. కెమెరాను హాల్లోనే పెట్టి ఉంటే మనమూ ఆ నవ్వులో చేరేవాళ్లం. పిల్ల చేష్టలు నిజంగానే నవ్వు తెప్పించేలా ఉన్నాయి. టెస్టు జరిగిన రోజునే సెట్టులోకి తీసుకెళ్లి చూపించి ఉంటే కథ పిల్లది అయ్యేది, జాలి పుట్టేది. ఆయన రెండూ మానేసి మనల్ని గోడ వెనక, మిషను రొద పక్కన, తల్లి భుజం దగ్గర నిలబెట్టాడు. అక్కడి నుంచి మనకు మూడు కనిపిస్తాయి. దూరంగా తెర మీద ఏడ్చే పిల్ల, మధ్యలో నవ్వే తలకాయలు, దగ్గరగా తల్లి ముఖం. పిల్ల వైఫల్యం మనకు చేరేసరికి ఆ నవ్వులోంచి వడగట్టుకుని, తల్లి కళ్లలో పడి వస్తుంది. అందువల్ల మనం తూకం వేసేది పిల్ల నటనను కాదు, ఆ నవ్వును.

ఇంకో చిన్న పని కూడా చేశాడు. మొదట నవ్వు వినిపించినప్పుడు మద్దలేనా ముఖంలో కోపం లేదు. అర్థం కావడం లేదు, అంతే. తాను ఏదో పొరబడ్డానేమో, ఇది నవ్వించే సన్నివేశమేమోనన్న ఆశ ఇంకా మిణుకుమంటుంది. తర్వాత అది ఆరుతుంది. అప్పటికి గానీ కోపం రాదు. మాన్యాని అంటే గావుకేకలు, చేతులు ఊపడం అని పేరు. ఈ సినిమాలో ఆమె చేసిన అన్నిటికంటే గొప్ప పని నోరు మెదపకుండా చేసిన ఈ కొద్ది సేపు. ఆ తర్వాత ఆమె హాల్లోకి దూసుకుపోయి, ఎందుకు నవ్వారో చెప్పమని నిలదీస్తుంది. ఎవరి దగ్గరా జవాబు లేదు. అక్కడి నుంచి ఆమె పిల్లతో సహా నడిచి నడిచి, రాత్రివేళ సర్కస్ డేరా దగ్గర ఒక బల్ల మీద కూలబడి ఏడుస్తుంది. అంతవరకు అరిచిన గొంతు ఇప్పుడు సాయం కోసం పిలిస్తే పక్క మనిషికి కూడా వినబడనంత మెల్లగా వస్తుంది. సినిమా అంతా పోగుచేసుకుంటూ వచ్చిన గోలకు విలువ ఈ మెల్లని పిలుపు దగ్గర తేలుతుంది.

ఇక్కడితో ఆపేస్తే ఇది మంచి విషాదం. రచయితలు ఇంకో మలుపు తిప్పారు. బ్లాసెత్తి ఆ టెస్టును మళ్లీ వేయించుకుని చూసి, మరియానే ఎంపిక చేస్తాడు. కాంట్రాక్టు కాగితాలతో మనుషులు ఇంటికొస్తారు. ఇది అతికించిన మలుపని కొందరికి అనిపించవచ్చు. నాకు మాత్రం కథలో గట్టి పని ఇదే అనిపిస్తుంది. వేషం రాలేదని వద్దనుకుంటే అది అందని ద్రాక్ష కథ. చేతికొచ్చిన దాన్ని, అదీ సంసారం గట్టెక్కించగల డబ్బును వద్దనడానికి వేరే సత్తువ కావాలి. మద్దలేనా సంతకం చెయ్యదు. ఎవరినో నవ్వించడానికి నేను కూతుర్ని కనలేదు, మాకు మా పిల్ల అందమైనది, చాలు అన్న అర్థం వచ్చే మాటలతో వాళ్లను పంపేస్తుంది. మరో చేదు నిజమూ ఇందులో ఉంది. వాళ్లకు పిల్లలో నచ్చింది ఏమిటి? ఆ ఏడుపే. పొద్దున్న నవ్వులాటైనది సాయంత్రానికి సరుకైంది. నిజమైన కన్నీరు తెర మీద బాగా పండుతుందని ఎరిగిన పరిశ్రమ తప్పు దిద్దుకోవడానికి రాలేదు, కొనుక్కోవడానికి వచ్చింది.

ముగింపులో విస్కోంతి తల్లికి జ్ఞానోదయం కలిగించలేదు. వాటాల ఇంటి పెరట్లో ఆరుబయట సినిమా వేస్తారు. అంతకుముందు అక్కడ హోవర్డ్ హాక్స్ ‘రెడ్ రివర్’ ఆడినప్పుడు, మంద నది దాటుతుంటే మద్దలేనా మైమరచి చూసింది. చివరి రాత్రి మంచం మీద భర్త పక్కన పడుకుని ఉండగా కిటికీలోంచి బర్ట్ లాంకాస్టర్ గొంతు వినిపిస్తే, ఎంత బాగుంటాడో కదా అంటుంది. ఇంత జరిగినా సినిమా మీద మోజు పోలేదు. అప్పట్లో ఇటలీలో విదేశీ సినిమాలన్నీ ఇటాలియన్‌లోకి డబ్ చేసి ఆడించేవారు. అంటే ఆమె మురిసిపోయిన గొంతు లాంకాస్టర్‌ది కూడా కాదు. డబ్బింగ్ గొంతులతో పెరిగిన తెలుగు ప్రేక్షకులకు ఈ చమత్కారం చప్పున తగులుతుంది.

లోపాలు లేవని కాదు. నడిమి భాగంలో ఇరుగుపొరుగు రభస ఒకటి రెండు చోట్ల అవసరానికి మించి సాగుతుంది. టైబర్ నది ఒడ్డున అన్నొవాత్సి సరసమాడబోయే దృశ్యం ఆ వేషం వేసిన వాల్టర్ కియారీ హుషారు వల్ల బతికింది గానీ, కథను ముందుకు పెద్దగా నెట్టదు. ఆ దృశ్యంలోనూ ఒక మెరుపుంది. లాంబ్రెట్టా ఎవరి డబ్బుతో వచ్చిందో తనకు తెలుసని మద్దలేనా నవ్వుతూనే తేల్చేస్తుంది. మోసపోయింది గానీ అమాయకురాలు కాదు. ఈ గుణం లేకపోతే చివర్లో ఆమె తిరస్కారం మనం నమ్మలేం.

సంగీతం సంగతి మిగిలింది. ఫ్రాంకో మన్నీనో 1832 నాటి దోనిజెత్తి ఒపేరా ‘లెలిజీర్ దామోరె’ బాణీలను ఈ చిత్రమంతటా వాడాడు. ఆ ఒపేరాలో దుల్కమారా అనే తిరుగుడు వైద్యుడు మామూలు బోర్డో వైన్‌ను వశీకరణ మందని చెప్పి అమాయకుడికి అంటగడతాడు. ‘బెల్లిస్సిమా’లో ఆ టక్కరి బాణీ మోగేది బ్లాసెత్తి ప్రవేశించేటప్పుడు. షూటింగ్ నాటికి బ్లాసెత్తికి ఈ సంగతి తెలియదు. తర్వాత ఎవరో చెబితే నొచ్చుకుని విస్కోంతికి ఉత్తరం రాశాడు. విస్కోంతి ఇచ్చిన సమాధానం ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. ఆ బాణీ నీ ఒక్కడిది కాదు, సినిమాలు తీసే మనందరిదీ, తల్లుల బుర్రల్లోకీ పిల్లల బుర్రల్లోకీ భ్రమలు ఎక్కించి మందు కాని మందు అమ్మేది మనమే అన్నది దాని సారాంశం.

నేను దీన్ని మర్యాదకు రాసిన జవాబుగా తీసుకోలేదు. తీనా అపిచెల్లా కేకు ముందు ఏడ్చినప్పుడు ఎదురుగా ఉన్నది విస్కోంతి కెమెరా, చుట్టూ ఉన్నది విస్కోంతి మనుషులు. బ్లాసెత్తి బృందం చేసిన పనే ఆయన బృందమూ చేసింది. తేడా ఒక్కటే. ఆ ఏడుపు చూసి నవ్వేవాళ్లనూ అదే ఫ్రేములోకి తెచ్చి కూర్చోబెట్టాడు, వాళ్ల వరసలో తనకూ ఒక కుర్చీ వేసుకున్నాడు. పిల్లల్ని మైకు ముందు నిలబెట్టి, తడబడితే నవ్వి, ఏడిస్తే క్లోజప్ తీసే కార్యక్రమాలు ఇవాళ ఏ భాష టీవీలోనైనా దొరుకుతాయి. వాటిలో న్యాయనిర్ణేతల ముఖాలు కూడా చూపిస్తారు, కానీ వాళ్లతో పాటు మనమూ నవ్వడానికి. విస్కోంతి చూపించింది మనం ఆ నవ్వును మింగలేక ఇబ్బందిపడటానికి.